రెండు వ్యవస్థలు – ఒకే సాఫ్ట్‌వేరు

తిరుపతి, చిత్తూరు పట్టణములలోని అనేక గృహములందు కంప్యూటరు ఒకటే. వాడువారు ఇద్దరు ముగ్గురు. ఇంటి పెద్దలు విండోసుపై తెలుగు వ్యాసములు టైపు చేసికొందురు. ఇంజనీరింగు చదువుచున్న కుమారుడో, కుమార్తెయో అదే హార్డ్ డిస్కుపై లైనక్సును కూడ నెలకొల్పుదురు. యంత్రమునకు విద్యుత్తు నిచ్చినపుడు ఏ వ్యవస్థ కావలెనో ఎన్నుకొన్న చాలును. అట్టియెడ ఒకే సాఫ్ట్‌వేరును రెండు చోట్ల ఏల నెలకొల్పవలెను, ఒకదానినే ఇరువురికిని పంచరాదా అని శ్రోతలకు తోచుట సహజము.

ఈ ప్రాంతపు వృద్ధులకు పూర్వపు రేణిగుంట జంక్షను జ్ఞాపకముండును. మద్రాసు–బొంబాయి పెద్ద లైనును, మీటరు గేజి చిన్న లైనును అక్కడ కలిసెడివి. మూటలను ఈ బండి నుండి ఆ బండికి మార్చవచ్చును గాని, పెట్టెనే ఆ పట్టాలపైకి నడుపుట పొసగదు. మన వ్రాతలు, ఛాయాచిత్రములు, పాటలు మూటలు, సాఫ్ట్‌వేరు పెట్టె.

కారణమేమనగా, ఏ సాఫ్ట్‌వేరును తనంత తాను పనిచేయదు. ఫైలు తెరచుటకును, తెరపై అక్షరము చూపుటకును అది ఆపరేటింగ్ సిస్టమును అర్థించును. ఆ అర్థించు పద్ధతి విండోసునకు ఒకటి, లైనక్సునకు వేరొకటి. అదిగాక నెలకొల్పునపుడు విండోసు తన రిజిస్ట్రీలో కొన్ని వివరములు వ్రాసికొనును. కావున ఆ ఫోల్డరు లైనక్సులో కంటికి కనబడును, పని మాత్రము చేయదు.

దీనికి అపవాదములు లేకపోలేదు. 1995లో వెలువడిన జావా భాషలో వ్రాసిన ప్రోగ్రాములు పెక్కింటికి ఒకే ప్రతి చాలును. జావాను మాత్రము ఇరువైపులను ఉంచవలెను. వైన్ అనునది విండోసు ప్రోగ్రాముల కోరికలను లైనక్సునకు తెలియునట్లు మార్చి చెప్పును, కాని అన్నిటి విషయమునను కాదు. డిస్కులో చోటు దండిగా దొరకు ఈ కాలమున సాఫ్ట్‌వేరును రెండు మారులు నెలకొల్పి, వ్రాతలను మాత్రము పంచుకొనుటయే మేలని మా అభిప్రాయము. థండర్‌బర్డ్ వంటి ఉత్తరముల సాఫ్ట్‌వేరు రెండు వ్యవస్థలలోను ఒకే ఉత్తరముల సంచిని వాడుకొనగలదు; రెండును ఒకే వెర్షనుగా నుండవలెను.

ఇక జాగ్రత్త వహింపవలసిన చోటు. 2012 నాటి విండోస్ 8 మొదలు ‘ఫాస్ట్ స్టార్టప్’ అను ఏర్పాటు వచ్చినది. షట్‌డౌన్ చేసినను విండోసు పూర్తిగా ముగియదు. డిస్కు స్థితిని గుర్తుంచుకొని నిదురించును. ఆ నడుమ లైనక్సు నుండి ఉమ్మడి భాగములో ఏదేని వ్రాసినచో, మేల్కొన్న విండోసు తన పాత లెక్కనే నమ్మును. తాతగారు సంవత్సరము పొడుగున టైపు చేసిన ఆత్మకథ ఒక్క పూటలో చెడిపోవచ్చును. ఈ అపాయము నెరిగి నేటి లైనక్సు తరచుగా ఆ భాగములో వ్రాయుటకు నిరాకరించును. అది యంత్రదోషము కాదు. కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో ఆ ఏర్పాటును తొలగింపవలెను. ముఖ్యమైన వ్రాతలకు పెన్‌డ్రైవుపై వేరొక ప్రతి ఉండనే ఉండవలెను.

తెలుగు లిపి సంగతి ప్రత్యేకముగా చెప్పవలసి యున్నది. ముద్రణాలయములకు అలవాటైన పాత ఫాంట్లు ఆంగ్లాక్షరముల స్థానములలో తెలుగు రూపములను అమర్చుకొన్నవి. ఆ ఫాంటు లేనిచోట వ్యాసమంతయు అర్థములేని ఆంగ్లాక్షరములై కనబడును. యూనికోడులో తెలుగునకు ప్రత్యేక స్థానములున్నవి గనుక అందు టైపు చేసినది ఇరువైపులను తెలుగుగనే యుండును. మండలి, గిడుగు, సూరన్న వంటి ఉచిత ఫాంట్ల ఫైలు రెండింటికిని ఒకటే. దానిని ఉమ్మడి భాగములో నుంచి, ఒక్కొక్క వ్యవస్థలో ఒక్కొక్క మారు చేర్చిన చాలును.