బడి తెరవవలెనా?

మహమ్మారి కారణమున 2020 మార్చిలో తెలంగాణ పాఠశాలలు మూతపడగా, సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ పాఠములను ప్రసారము చేసినవి. 2021 సెప్టెంబరు 1న బడులను మరల తెరువ ప్రభుత్వము నిశ్చయించినప్పుడు తల్లిదండ్రులు రెండు పక్షములైరి. ప్రాణమే ముఖ్యమని కొందరు, బడి మానిన పిల్లలు కూలికి పోవుదురని కొందరు వాదించిరి. ముందురోజుననే హైకోర్టు, ఏ విద్యార్థినీ బలవంతముగా రప్పించరాదనియు, గురుకులములను తెరువరాదనియు ఆదేశించినది.

ఈ జాగ్రత్త న్యాయమైనదే. కాని మన ఇచ్చోడ పరిసర గిరిజన గూడెముల పిల్లలు అనేకులకు వసతి పాఠశాలయే చదువు, అదియే రెండు పూటల భోజనము. ఫోను, టీవీ లేని ఇంట "ఇష్టమున్న రండి" అను మాటకు అర్థమేమి? రెండవ దారి నిజముగా ఉన్నప్పుడే అది స్వేచ్ఛ యగును. కావున మరల అట్టి ఆపద వచ్చినచో, బడి తలుపు మూయుటకు ముందే ఆ ఇంటికి పాఠమును, అన్నమును చేర్చు మార్గమును ఏర్పరుపవలెనని మేము భావించుచున్నాము.