తుప్పు, అరుగుదల - మన వాహనాల ఆయుర్దాయం

మేము ఈ కళాశాలలో తెలుగు సాహిత్యం బోధించే వారము. లోహాలను గూర్చి వ్రాయబూనడం మా అధికారాన్ని మించిన పని అని మిత్రులు చమత్కరించకపోరు. కాని రెండేండ్ల కిందటి వానకాలంలో జరిగిన ఒక సంఘటన మా చేత ఈ కలం పట్టించింది. తాండూరు వైపు నుండి కళాశాలకు వస్తున్న ఒక ఆటోలో వెనుక చక్రాన్ని మోసే ఇనుప చేయి నడిదారిలో విరిగి బండి ఒరిగిపోయింది. అందులో మా విద్యార్థులు నలుగురున్నారు. ప్రాణాపాయం తప్పింది. ఒక విద్యార్థికి మాత్రం ముంజేయి విరిగి ఆ యేడు పరీక్షలు వ్రాయడం కుదరలేదు. మరునాడు మెకానిక్ షాపులో ఆ విరిగిన ముక్కను మేము చేతిలోకి తీసుకొని చూచినాము. పైన నిగనిగలాడే నల్లరంగు, లోపల పొరలు పొరలుగా ఊడివచ్చే ఎర్రని పొడి. "రంగు వేయించి నెల కూడా కాలేదు సార్" అన్నాడు ఆటో యజమాని. ఆయనకు ఆ ఆటో తప్ప వేరే ఆస్తి లేదు.

ఆ రంగు కింద ఏమి జరిగిందో తెలుసుకొనవలెనన్న కోరికతో మా రసాయన శాస్త్ర సహోద్యోగులను కొంత, బస్టాండు పక్క షాపులలోని ఉస్తాదులను మరికొంత ప్రశ్నించి, నాలుగు పుస్తకాలు తిరగవేసి గ్రహించిన సంగతులను ఇక్కడ విన్నవిస్తున్నాము.

మొదట మాట సంగతి. అది మా వృత్తిధర్మం. తెలుగులో తుప్పు అంటాము. ఉర్దూలో జంగ్. మన ప్రాంతపు పల్లెల్లో "గొళ్ళెం జంగు పట్టింది" అన్నది తెలుగు మాటగానే చెల్లుతున్నది. ఇత్తడి, రాగి పాత్రలకు పట్టేది మాత్రం చిలుము. ఇక రాపిడి వలన లోహం సన్నగిల్లడాన్ని అరుగుదల అంటాము. తిన్న అన్నం అరుగుతుంది, కాలి చెప్పు అరుగుతుంది, గంధపు చెక్క అరుగుతుంది. మన భాష ఈ మూడింటికీ ఒకే ధాతువు వాడింది. షాపులో ఉస్తాదు బేరింగును చేత పట్టుకొని "ఘిస్ గయా" అన్నా అర్థం అదే. తుప్పు గాలీ నీరూ చేసే పని, అరుగుదల ధూళీ రాపిడీ చేసే పని. బండిలో ఈ రెండూ ఒకదానికొకటి తోడై పనిచేస్తాయి. తుప్పు పట్టిన చోట రాలిన పొడి రాపిడికి ఇసుకవలె తోడ్పడుతుంది. రాపిడికి తేలిన కొత్త లోహం మళ్ళీ తుప్పుకు ఆహారమవుతుంది.

ఇనుము తుప్పు పట్టుటకు నీరు, ప్రాణవాయువు రెండూ కావలెనని పాఠశాలలోనే చదువుకున్నాము. అయితే గాలి ఎక్కువగా తగిలే చోటనే తుప్పు ఎక్కువగా తింటుందని మనమనుకొనేది పొరపాటు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎవాన్స్ అనే శాస్త్రవేత్త ఒక్క ఉప్పునీటి బొట్టుతో ఈ సంగతి నిరూపించినాడు. శుభ్రం చేసిన ఇనుప పలకపై ఉప్పునీటి బొట్టు ఉంచండి. ఆ నీటిలో పొటాసియం ఫెర్రిసయనైడు, ఫినాఫ్తలీను కొద్దికొద్దిగా కలిపి ఉండాలి. కొంతసేపటికి బొట్టు నడిమధ్య నీలిరంగు, అంచు చుట్టూ గులాబిరంగు కనబడతాయి. నీలిరంగు అక్కడ ఇనుము కరిగిపోతున్నదనడానికి గుర్తు. గులాబిరంగు అక్కడ ప్రాణవాయువు నీటితో కలిసి క్షారంగా మారుతున్నదనడానికి గుర్తు. అంటే గాలి బాగా అందే అంచు భాగం క్షేమంగా ఉండి, గాలి అందని నడిమి భాగం తినివేయబడుతున్నది. రెంటి నడుమ ఇనుములో సూక్ష్మమైన విద్యుత్ప్రవాహం సాగుతున్నది. అదొక చిన్న బ్యాటరీ. తుప్పు అన్నది ఆ బ్యాటరీలో మిగిలే బూడిద వంటిది.

ఈ ప్రయోగానికి మన కళాశాల ప్రయోగశాలలో ఉన్న సరుకే చాలును. విద్యార్థులు ఒకసారి స్వయంగా చేసి చూడవలెనని మా కోరిక. ఎందుకంటే బండికి సంబంధించిన సగం సంగతులు ఈ బొట్టులోనే ఉన్నాయి. మడ్‌గార్డు లోపల అంటుకొన్న బురద కింద, రెండు రేకులు కలిసే సందులో, కమాన్ పట్టీల నడుమ, చాసీ మూలల్లో గాలి తక్కువగా, తడి ఎక్కువగా ఉంటుంది. తుప్పు తొలుత అక్కడే గూడు కడుతుంది. బండి చుట్టూ తిరిగి పైపైన చూచేవారికి అది కనబడదు.

ఇప్పుడు మన నేల సంగతి చూతము. వికారాబాదు పక్కనున్న అనంతగిరి కొండలు మూసీనది పుట్టిన చోటు. ఆ కొండలపైని ఎర్రని, చిల్లులు చిల్లులుగా ఉండే రాయి లాటరైటు. లక్షల ఏండ్లుగా వానలు నల్లరాతిలోని తక్కిన పదార్థాలను కడిగివేయగా మిగిలిన ఇనుపు ఆక్సైడే దానికి ఆ ఎరుపు నిచ్చింది. ఒక విధంగా ఆ కొండ నెత్తి మీద ఉన్నది ప్రకృతి పట్టించిన తుప్పే. తాండూరు దిక్కు వెళ్ళిన కొలది నేల మారిపోతుంది. అక్కడ పొరలు పొరలుగా లేచే సున్నపురాయి, దానిపై నల్లరేగడి. ఆ రాయి షాబాదు బండ, తాండూరు బండ అన్న పేర్లతో దేశమంతటా ఇండ్ల నేలలపై పరచబడింది. ఆ రేగడిలో పండిన తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. కందికి మేలు చేసే ఆ నల్లమట్టి బండికి మేలు చేయదు. తడిసిన రేగడి జిగురుగా పట్టుకొని, ఎంతకూ ఆరక, ఎవాన్సు బొట్టువలె రేకును అంటిపెట్టుకొని ఉంటుంది. వాన వెలిసి వారం గడిచిన తరువాత కూడా మడ్‌గార్డు లోపలి మట్టి పెళ్ళను గోటితో గీకి చూస్తే లోపల చెమ్మ తెలుస్తుంది.

తాండూరులో సిమెంటు ధూళి, బండల పొడి వలననే బండ్లు తుప్పు పడుతున్నవని పలువురి నమ్మకం. ఇందులో సగమే నిజం. సిమెంటు తడిసినప్పుడు గాఢమైన క్షారగుణం చూపుతుంది. గాఢక్షారంలో ఇనుముపై ఒక పలుచని రక్షణ పొర ఏర్పడుతుంది. కాంక్రీటులోని ఇనుప చువ్వలు ఏండ్ల తరబడి నిలిచి ఉండడానికి కారణమదే. కనుక సిమెంటు తానుగా ఇనుమును తినదు. కాని అల్యూమినియానికి క్షారం శత్రువు. ఇంజను పెట్టెలు, చక్రాల రిమ్ములు అల్యూమినియంతో చేసినవైతే తడి సిమెంటు వాటిని మచ్చలు మచ్చలుగా తింటుంది. రంగుపై గడ్డకట్టిన సిమెంటును గీకబోతే రంగుతో సహా ఊడివస్తుంది. పైగా ఏ ధూళి అయినా గాలిలోని తేమను పట్టి ఉంచుతుంది. గాలిలో తేమ దాదాపు 60 శాతం దాటినప్పుడు ఇనుము తుప్పుపట్టే వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. మన ప్రాంతంలో వానకాలమంతా తేమ ఆ గీత పైనే ఉంటుందనవచ్చు.

మనకు సముద్రం దూరం. చలిదేశాలలో వలె మంచు కరిగించుటకు రోడ్లపై ఉప్పు చల్లే అవసరమూ లేదు. ఇది మన అదృష్టం. అయితే ఉప్పు బస్తాలు, ఎరువుల బస్తాలు మోసిన లారీల ట్రాలీలను చూడండి. చిరిగిన బస్తా నుండి రాలిన పిడికెడు ఎరువు చెక్కల సందుల్లో చేరి, తొలివానకు కరిగి, అడుగు రేకును జల్లెడ చేస్తుంది. అటువంటి సరుకు దించిన నాడే ట్రాలీని నీళ్ళతో కడగడం అరగంట పని.

అరుగుదల విషయంలో సున్నపురాతి పొడి కంటె మామూలు మట్టి ప్రమాదకరమని తెలిసినప్పుడు మేము ఆశ్చర్యపోయినాము. ఖనిజాల కాఠిన్యానికి 1 నుండి 10 వరకు ఒక కొలత ఉన్నది. సున్నపురాతిలోని ముఖ్య ఖనిజం 3వ మెట్టుపై ఉన్నది. ఇసుకలోని స్ఫటికం 7వ మెట్టుపై ఉన్నది. ఉక్కు చాలా వరకు ఈ రెంటి నడుమ ఉంటుంది. కాబట్టి బండల పొడి ఉక్కును గీయలేదు, రోడ్డు మీది ఇసుక ధూళి గీయగలదు. పిస్టన్ రింగుకు, లైనరుకు నడుమ ఉండే నూనె పొర మన వెంట్రుక మందంలో ఎన్నో వంతు మాత్రమే. ఆ పొర మందానికి సరితూగే ధూళి కణమే అన్నింటికంటె ఎక్కువ హాని చేస్తుంది. అంతకంటె పెద్దది లోపలికి దూరలేదు, మరీ చిన్నది నూనెలో తేలిపోతుంది. ఎయిర్ ఫిల్టరును గోడకు కొట్టి దులపడం మన దగ్గర మామూలు. ఆ దెబ్బకు కాగితంలో కంటికి కనబడని చీలిక పడితే, ఆ చీలికగుండా దూరే ధూళి కంటికి కనబడని పరిమాణంలోనే ఉంటుంది. ట్రాక్టరుతో దుక్కి దున్నేవారు, బండల గనుల్లోకి లారీ తోలేవారు ఫిల్టరుకు పెట్టే ఖర్చును చూచి వెనుకాడరాదు. బోరు చేయించడానికయ్యే ఖర్చుతో పోలిస్తే అది ఎంత?

మోటారుసైకిలు గొలుసు "సాగింది" అంటాము. నిజానికి ఇనుము సాగదు. నూరుకు పైగా ఉన్న లంకెలలో ఒక్కొక్క పిన్ను రవ్వంత అరుగుతుంది. ఆ రవ్వలన్నీ కలిసి గొలుసు పొడవు పెరిగినట్లు కనబడుతుంది. దుమ్ము పట్టిన గొలుసుపై నూనె పోస్తే నూనె, ఇసుక కలిసి సానపట్టే ముద్ద తయారవుతుంది. ముందు కిరసనాయిలుతో కడిగి, తుడిచి, ఆరిన పిమ్మట నూనె వేయాలి. రాపిడిని గూర్చిన శాస్త్రానికి 1966లో బ్రిటనులో వెలువడిన జోస్ట్ నివేదికతో ప్రత్యేకమైన పేరు, ప్రతిపత్తి కలిగినవి. నూనె, గ్రీజు సక్రమంగా వాడితే ఆ దేశ పరిశ్రమలకు ఏటా 50 కోట్ల పౌండ్లకు పైగా ఆదా అవుతుందని ఆ నివేదిక లెక్క వేసింది. గ్రీజుగన్ను పట్టుకొన్న కుర్రవాడిని చులకనగా చూచేవారు ఈ అంకెను గుర్తుంచుకొనవలెను.

బ్రేకుల విషయం మరింత గంభీరమైనది. వికారాబాదు నుండి తాండూరు పోయే దారిలో అనంతగిరి ఘాటు దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కుతాయి. కార్లు, ఆటోలలో వాడే బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనే స్వభావం గలది. ఏండ్ల తరబడి మార్చకుంటే ఆ తేమ లోపలినుండి సిలిండరును తుప్పు పట్టిస్తుంది. అంతేకాక వేడికి ఆ నీరు ఆవిరై, పెడలు తొక్కినా ఒత్తిడి చక్రానికి చేరదు. సుమారు రెండేండ్లకొకసారి ఆ ఆయిలు మార్చడం మంచిది. లారీలు, బస్సులలో గాలి బ్రేకులుంటాయి. గాలి టాంకు అడుగున చేరిన నీటిని రోజూ తీసివేయవలెను. తీయని టాంకు లోపలినుండి తుప్పు పడుతుంది, కవాటాలు మొరాయిస్తాయి. పాత డ్రైవర్లు ఉదయం మొదట చేసే పని ఇదే. కొత్తవారిలో కొందరు దీనిని చాదస్తమనుకుంటున్నారు.

ఇంకొక వింత. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరిగా వెలువడుతుంది. దూరప్రయాణంలో అది సైలెన్సరు గుండా బయటకు పోతుంది. ఇంటినుండి కళాశాలకు రెండు కిలోమీటర్లు వచ్చి ఆపివేసే స్కూటరులో సైలెన్సరు వేడెక్కనే వేడెక్కదు. ఆవిరి లోపలే నీరై నిలుస్తుంది. మా స్కూటరు సైలెన్సరు లోపలినుండి చిల్లుపడిన రహస్యం మాకు ఇప్పుడు బోధపడింది. వారానికొకసారి పరిగి దాకానో, మరొక చోటికో దూరం తిప్పడం దానికి మందు. 2025 నాటికి మన దేశంలో పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలపడం అమలులోకి వచ్చింది. ఇథనాలుకు తేమను పీల్చే గుణమున్నది గనుక, నెలల తరబడి కదలక నిలిచే పాత బండ్ల టాంకులు, కార్బ్యురేటర్ల విషయంలో అదనపు జాగ్రత్త అవసరం.

రంగు తుప్పుకు మందు కాదు, తుప్పు రానీయని కవచం మాత్రమే. తుప్పు మీద రంగు వేస్తే రోగిని దుప్పటితో కప్పినట్లే. తుప్పు తాను పుట్టిన ఇనుము కంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. కాబట్టి రంగును లోపలినుండి ఉబ్బించి పగులగొడుతుంది. తీగ బ్రష్షుతో మెరిసే ఇనుము కనబడేదాకా గీకాలి. తరువాత ప్రైమరు, ఆపైన రంగు. తుప్పు చిల్లుకు పుట్టీ పూసి నునుపు చేయడం డెంటింగు షాపులలో కనబడే మోసం. పుట్టీ తేమను పీల్చుకొంటుంది. కొద్ది నెలలకే లోపలి తుప్పు మళ్ళీ పైకి వస్తుంది. జింకు పూసిన రేకు పద్ధతి వేరు. అక్కడ గీత పడినా జింకు తాను కరిగి ఇనుమును కాపాడుతుంది. 1824లో హంఫ్రీ డేవీ ఇంగ్లండు యుద్ధనౌకల రాగి రేకులను ఈ ఉపాయంతోనే కాపాడినాడు. రాగి చెక్కుచెదరలేదు. కాని రాగి కరగకపోవడంతో సముద్రపు గుల్లలు నిర్భయంగా అంటుకొని ఓడల వేగం తగ్గిపోయింది! శాస్త్రంలో ఇటువంటి హాస్యం అప్పుడప్పుడు ఎదురవుతుంది.

కాలిన ఇంజనాయిలును చాసీకి పూయడం మన ప్రాంతపు అలవాటు. అది తేమను కొంత ఆపుతుందన్నది నిజమే. కాని రబ్బరు బుష్షులు ఉబ్బి చెడిపోతాయి, బ్రేకు లైనింగుపై పడితే బ్రేకు పట్టదు, వానకు కారి బావుల్లో, కుంటల్లో చేరుతుంది. చవక అనుకొన్న ఆ మార్గాన్ని మేము సమర్థించలేము.

1932లో నిజాం రాష్ట్ర రైలు రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో ప్రారంభమైనది. ఆ నాటి ఆల్బియన్ బస్సు ఒకటి హైదరాబాదులో నేటికీ భద్రంగా ఉన్నది. ఇనుము కాలానికి తప్పక లొంగిపోతుందనడానికి వీలులేదు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. ప్రతి యేడు వార్షికోత్సవానికి ముందు మన బస్సుకు పైరంగు వేయిస్తున్నారు. ఈసారి ఆ సొమ్ములో కొంత భాగంతో బస్సును గుంతపైకి ఎక్కించి అడుగు భాగం కడిగించి, చాసీ మూలలు గీయించి, ప్రైమరు పూయించవలెను. ప్రస్తుతం అది వేపచెట్టు కింద నిలుస్తున్నది. రాలిన ఆకులు అద్దం కింది తూములను మూసివేయగా నీరు నిలుస్తున్నదని డ్రైవరుగారు మాకు చూపించినారు. ఆ తూములు శుభ్రం చేయడానికి పైసా ఖర్చు లేదు. మా తరగతి విద్యార్థులు ఇద్దరు శనివారం సాయంత్రం ఆ పనికి సిద్ధంగా ఉన్నామని పేర్లిచ్చినారు. అందులో ఒకడు ముంజేయి విరిగిన విద్యార్థి.