మీకు తెలుసా? గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం
1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా నీళ్లలో దిగి, వంతులవారీగా ఒక్కొక్కరినీ పూర్తిగా ముంచి లేపారు. అప్పటి కరవులో తిండి కోసమే వీళ్లు మతం మారారన్న ఆక్షేపణ ఉంది. ఆకలి ప్రభావం అసలు లేదనలేం. కానీ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో వేలమందికి కూలి పని చూపించిన బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, ఆ సాయం సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశారు. అది ముగిశాకే, విశ్వాసం గురించి అడిగి తెలుసుకుని చేర్చుకున్నారు. ఈ నిగ్రహం వెనుక బాప్టిస్టుల మూల సిద్ధాంతం ఉంది: విశ్వాసం ముందు, నీళ్లు తర్వాత. అందుకే వాళ్లు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. 1842లో గుంటూరు వచ్చిన మిషనరీ ఫాదర్ హేయర్ నాటిన లూథరన్ సంఘం మాత్రం పసిపిల్లలకూ ఇస్తుంది. మనిషి ఒప్పుకోలు కన్నా దేవుని కృపే ముందని దాని నమ్మకం.