మీకు తెలుసా? ఉపగ్రహంతో మాట్లాడేటప్పుడు మన గొంతు మనమే వినాలి!

● వాకీటాకీలో బటన్ నొక్కి మాట్లాడుతున్నంతసేపూ అవతలి మాట వినిపించదు. హామ్ రేడియో ఉపగ్రహాల దగ్గర అలా కాదు. ఒక ఫ్రీక్వెన్సీలో పైకి మాట్లాడుతూనే, ఉపగ్రహం మరో ఫ్రీక్వెన్సీలో కిందికి పంపే తన గొంతును హామ్ (అభిరుచి కోసం రేడియో నడిపే వ్యక్తి) అదే క్షణంలో హెడ్‌ఫోన్‌లో వినగలడు. దీన్నే ఫుల్ డూప్లెక్స్ అంటారు.

● ఈ పద్ధతికి బాగా అనువైన ఉపగ్రహం ఒకటి తెలుగు నేల మీద నుంచే ఎగిరింది. దాని పేరు హామ్‌శాట్, బరువు 42.5 కిలోలు. 2005 మే 5న పీఎస్‌ఎల్‌వీ-సీ6 దాన్ని కార్టోశాట్-1తో పాటు శ్రీహరికోట నుంచి మోసుకెళ్లింది. అక్కడి రెండో లాంచ్ ప్యాడ్‌కు అదే తొలి ప్రయోగం. 435 మెగాహెర్ట్జ్‌లో పలికిన మాటను 145 మెగాహెర్ట్జ్‌లో తిరిగి వినిపిస్తూ హామ్‌శాట్ 2014 జులై దాకా సేవలందించింది.

● ఈ ఫ్రీక్వెన్సీలు తలకిందులై, తక్కువ దానిలో పంపి ఎక్కువ దానిలో వినాల్సి వస్తే చిక్కు మొదలవుతుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని రిపీటర్‌కు 145.990 మెగాహెర్ట్జ్‌లో పంపాలి, 437.800లో వినాలి. 145.990ని మూడుతో గుణించి చూడండి: 437.970! మన ట్రాన్స్‌మిటర్ నుంచి పుట్టే ఈ మూడో హార్మోనిక్ పక్కనే ఉన్న మన రిసీవర్‌ను చెవిటిదాన్ని చేస్తుంది. అందుకే మధ్యలో ఫిల్టర్ పెడతారు, యాంటెన్నాలను దూరం జరుపుతారు.

● వినడం మర్యాద కూడా. ఎఫ్ఎం ఉపగ్రహంలో ఒకసారికి ఒకరి మాటే చక్కగా పడుతుంది. వింటూ మాట్లాడేవారికి తాము ఇంకొకరి మీద పడుతున్న సంగతి వెంటనే తెలుస్తుంది. లీనియర్ ట్రాన్స్‌పాండర్‌ను (ఒక ఫ్రీక్వెన్సీ పట్టీ మొత్తాన్ని మరో పట్టీకి మార్చి తిరిగి పంపే పరికరాన్ని) ఒకేసారి చాలామంది పంచుకుంటారు. అందులో ఒకరు అతిగా పవర్ వాడితే మిగతావారి గొంతులు సన్నబడిపోతాయి.

● హైదరాబాద్ ఐటీ కారిడార్‌లోని గోపన్‌పల్లిలో మేడ మీద నిలబడి పడమరకు, కాస్త దక్షిణం వైపుగా చూస్తే, నేల నుంచి సుమారు 28 డిగ్రీల ఎత్తున క్యూఓ-100 అనే ట్రాన్స్‌పాండర్ ఎప్పుడూ అక్కడే ఉంటుంది. 2018 నవంబరు 15న ఎగిరిన ఎస్‌హెయిల్-2 మీద ఉన్న ఇది, హామ్‌లకు దక్కిన మొదటి భూస్థిర ట్రాన్స్‌పాండర్. అయితే ఆ దిక్కున డిష్ కంటే వంద మీటర్లు ఎత్తైన టవర్ 190 మీటర్ల దూరం లోపు లేస్తే దారి మూసుకుపోతుంది. ఈ ప్రాంతంలో డిష్ పెట్టేవారు ముందు చూసుకోవలసింది ఇదే.

● క్యూఓ-100కు వెళ్లి వచ్చేసరికి మన మాట దాదాపు 77,600 కిలోమీటర్లు తిరుగుతుంది. అందుకు పావు సెకను పైనే పడుతుంది. సొంత గొంతు అంత ఆలస్యంగా చెవిన పడితే నాలుక తడబడుతుంది. అందుకే చాలామంది వాల్యూమ్ తగ్గించి, కంప్యూటర్ తెర మీద తమ సిగ్నల్ గీతను చూస్తూ మాట్లాడతారు. ఈ ట్రాన్స్‌పాండర్ మీద సొంత డౌన్‌లింక్‌ను (కిందికి తిరిగొచ్చే తమ సిగ్నల్‌ను) గమనించడం తప్పనిసరి. ఎవరి సిగ్నల్ అయినా, కొలమానంగా ఉంచిన బీకన్ సిగ్నల్ కంటే బలంగా ఉండకూడదు.

● క్యూఓ-100 మీది సంభాషణలను ఇంగ్లండ్‌లోని గూన్‌హిల్లీలో పెట్టిన రిసీవర్ ద్వారా ఇంటర్నెట్‌లో ఎవరైనా వినవచ్చు. మాట్లాడాలంటే మాత్రం కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖ పెట్టే పరీక్ష పాసై లైసెన్సు తీసుకోవాలి. అది చేతికొచ్చాక ఒక్క నియమం గుర్తుంచుకోండి: మీ గొంతు మీకు వినిపించకపోతే పవర్ పెంచకండి, ముందు మీ రిసీవర్‌ను సరిచూసుకోండి.