గడి మారితే గడబిడే!

పోపులపెట్టెలో ఆవాలెక్కడో, పసుపెక్కడో అమ్మ చూడకుండానే తీసేస్తుంది. ముండ్లమూరులోనైనా ముంబయిలోనైనా అంతే. ఎవరైనా చెప్పకుండా గళ్లు మార్చేస్తే? పాలల్లో పసుపుకు బదులు కారం పడుతుంది!

కంప్యూటర్‌లోనూ అదే తంటా. ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే సమాచారాన్ని ప్రోగ్రాములు పేరు చూసి కాదు, చోటును బట్టి తీసుకుంటాయి. 32 బిట్ల ఇంటెల్ యంత్రంపై లినక్స్‌లో 4 బైట్ల అంకె, దాని పక్కనే 8 బైట్ల అంకె ఉంటే మొత్తం 12 బైట్లు. 64 బిట్ల యంత్రంలో పెద్ద అంకె 8తో భాగించగలిగే చోటే మొదలవ్వాలి. అందుకని మధ్యలో 4 బైట్లు ఖాళీ... మొత్తం 16! పాత ప్రోగ్రాము ఆ ఖాళీలో చెయ్యిపెట్టి, దొరికిన చెత్తనే అంకె అనుకుంటుంది.

అందుకే 64 బిట్ల లినక్స్ పాత కొలతల్నీ దాచుకుంది. పాత ప్రోగ్రాము అడిగితే పాత పద్ధతిలోనే సర్ది ఇస్తుంది.

1970 నుంచి సెకన్లు లెక్కపెట్టే 32 బిట్ల గడి 2038 జనవరి 19న నిండిపోతుంది. అందుకని 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13, 32 బిట్ల యంత్రాల్లోనూ ఆ గడిని 64 బిట్లకు పెంచింది. పాత ఇంటెల్ రకం జోలికి మాత్రం వెళ్లలేదు. దాన్ని ఉంచిందే పాత ప్రోగ్రాముల కోసం మరి!