దరఖాస్తుకు ఫీజు లేదు, ఖర్చు మాత్రం ఉంది



ఏ స్కాలర్‌షిప్‌కు ఎవరు అర్హులో, ఎంత వస్తుందో మన బులెటిన్‌లో తరచుగా వస్తూనే ఉంది. నేను బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. అందుకని ఇంకొక లెక్క రాస్తాను. ప్రభుత్వం మంజూరు చేసిన డబ్బు చేతికి రావడానికి ఒక పేద కుటుంబానికి ఎంత ఖర్చవుతుందన్నదే ఆ లెక్క.

సోలాపూర్‌లో మా పేటలో ఒకావిడ బీడీలు చుడుతుంది. కార్ఖానా నుంచి ఆకు, తంబాకు తెచ్చుకుని, ఇంట్లో చాట ముందు కూర్చుని చుట్టి, మళ్ళీ కార్ఖానాలో అప్పజెప్పాలి. కూలి వెయ్యి బీడీల లెక్కన ఇస్తారు. ఇల్లు కదిలిన రోజు బీడీలు లేవు, కూలీ లేదు. ఆమె కూతురు బి.కాం. మొదటి సంవత్సరంలో చేరింది. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఇచ్చే స్కాలర్‌షిప్‌కు జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టింది. రావలసింది 6,000 రూపాయలు. మంజూరైంది కూడా. కానీ డబ్బు రాలేదు. ఫీజు కట్టడానికి తల్లి చెవి కమ్మలు తాకట్టు పెట్టి 8,000 తెచ్చింది.

ఒకరోజు ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చి, "తాతా, ఈ చదువు మానేస్తా. అమ్మతో కూర్చుని నేనూ బీడీలు చుడితే ఆరు వేలు ఇంతకంటే తొందరగా వస్తాయి" అన్నది. కాగితాలన్నీ తీసుకురమ్మన్నాను. ఇద్దరం కూర్చుని తల్లి పోగొట్టుకున్న రోజులను పద్దు రాశాం.

నెట్ సెంటర్‌కు 2 రోజులు. కాలేజీకి 2. కార్మికురాలి గుర్తింపు కార్డు మీద సంతకానికి 1. బ్యాంకుకు 2. ఆధార్ కేంద్రానికి 2, మొదటి రోజు టోకెన్లు అయిపోయాయి. పాత ఖాతా ఉన్న బ్యాంకుకు 2. మొత్తం 11 రోజులు. రోజుకు 200 చొప్పున 2,200. ఆటోలు, జిరాక్సులు, నెట్ సెంటర్ కలిపి 900. తాకట్టు మీద నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ, ఏడు నెలలకు 1,120. వెరసి 4,220 రూపాయలు. 6,000 కోసం పెట్టిన ఖర్చు ఇది. అడిగినచోటల్లా తల వంచుకుని నిలబడిన దానికి పద్దు రాయలేదు.

ఇంతకీ డబ్బు ఎక్కడ ఆగింది? ఎక్కడా ఆగలేదు. వేరే ఖాతాలో పడింది. ఆ అమ్మాయి అయిదో తరగతిలో ఉండగా బడివాళ్ళు ఒక ఖాతా తెరిపించారు. తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. 2020 ఏప్రిల్ 1న పది ప్రభుత్వరంగ బ్యాంకులు కలిసి నాలుగైనప్పుడు ఆ బ్యాంకు ఇంకొక దానిలో కలిసిపోయింది. పేరు మారింది, బోర్డు మారింది, ఐఎఫ్‌ఎస్‌సి కోడ్ మారింది. తల్లీకూతుళ్ళకు ఈ సంగతి తెలియదు. కాలేజీలో చేరాక తెరిచిన కొత్త ఖాతాకే ఆధార్ ఇచ్చాం కదా అని దాని పాస్‌బుక్కే నెలనెలా ప్రింటు చేయించుకుంటూ ఉన్నారు.

ఇక్కడ అందరూ గుర్తుంచుకోవలసిన విషయం ఒకటి ఉంది. ఖాతాకు ఆధార్ కాపీ ఇవ్వడం వేరు, ప్రభుత్వ నగదు బదిలీకి ఆధార్‌ను సీడింగ్ చేయించడం వేరు. మొదటిది కేవైసీ, మనం ఎవరమో బ్యాంకుకు తెలియడానికి. రెండవది ఎన్‌పీసీఐ అనే సంస్థ దగ్గర ఉన్న పట్టికలో మన ఆధార్‌కు ఎదురుగా ఒక బ్యాంకు పేరు చేర్పించడం. ఎన్ని బ్యాంకుల్లో ఖాతాలున్నా ఆ పట్టికలో ఒక్క బ్యాంకు పేరే ఉంటుంది. చివరగా ఎక్కడ సీడింగ్ చేయిస్తే ఆధార్ ఆధారంగా వచ్చే డబ్బు అక్కడికే పోతుంది. కొత్త ఖాతాకు కావాలంటే ఆ శాఖలో సమ్మతి పత్రం విడిగా రాసి ఇవ్వాలి.

నేను మై ఆధార్ వెబ్‌సైటులో 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' చూద్దామనుకున్నాను. ఓటీపీ రావాలంటే ఆధార్‌లో ఉన్న ఫోన్ నంబరు పనిచేయాలి. అది ఎప్పుడో పోయిన మేనమామ నంబరు. పైగా 15 ఏళ్ళు నిండాక వేలిముద్రలు, కంటిపాప, ఫోటో మళ్ళీ ఇచ్చి సరిచేయించుకోవాలి. అదీ జరగలేదు. ఆధార్ కేంద్రంలో ఆ రెండూ అయ్యాకగానీ బ్యాంకు పేరు బయటపడలేదు. పాత ఖాతాకు కేవైసీ కొత్తగా ఇచ్చి డబ్బు తీసుకునేసరికి ఎనిమిదో నెల వచ్చింది.

ఇందులో ఎవరూ లంచం అడగలేదు. ఎవరూ రూలు తప్పలేదు. ప్రతి కిటికీలోనూ తమ వంతు సమాధానం చెప్పారు. "మా దగ్గర మంజూరైంది", "మా దగ్గరికి రాలేదు", "రేపు రండి". ఆ చివరి మాట నేను కూడా కౌంటరు వెనక కూర్చుని ఎన్నోసార్లు అన్నాను. సర్వర్ లేదనో, ఆఫీసరు సెలవనో అనేవాణ్ణి. నాకది మామూలు మాట. అవతలి మనిషికి ఒక రోజు కూలి అని అప్పట్లో నాకు తోచలేదు. ఈ పద్దు రాసిన రోజున తోచింది.

కాబట్టి చదువు మధ్యలో పరుగెత్తకుండా ముందే చూసుకోవలసినవి చెబుతాను.

1. పేరు. మనకిది ప్రత్యేకమైన చిక్కు. తెలుగువారు ఇంటిపేరు ముందు రాస్తారు, లేదా ఒక్క అక్షరంతో సరిపెడతారు. మహారాష్ట్రలో సొంత పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు. తమిళనాడులో ముందు అక్షరం సాధారణంగా తండ్రి పేరుది. పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్, పాస్‌బుక్ మూడింటిలో పేరు, పుట్టిన తేదీ అక్షరం తేడా లేకుండా ఉన్నాయా చూడండి. తేడా ఉంటే సర్టిఫికెట్‌లో ఉన్నట్టుగా మిగతావి మార్పించండి.

2. ఖాతా. దరఖాస్తుకు ముందే సీడింగ్ ఏ బ్యాంకులో ఉందో చూసుకోండి. మీది 'చిన్న ఖాతా' అయితే ఏడాదిలో లక్ష రూపాయలకు మించి జమ కాకూడదు, నిల్వ 50,000 దాటకూడదు. పెద్ద మొత్తం రావలసినవాళ్ళు పూర్తి కేవైసీ ఇచ్చి మామూలు ఖాతాగా మార్పించుకోండి.

3. కుల ధృవీకరణ. ఎస్సీ, ఎస్టీ జాబితాలు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానివే. ఒక రాష్ట్రపు హోదా వలస వెళ్ళిన రాష్ట్రంలో చెల్లదని 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఆ కేసు వేసిన విద్యార్థి తెనాలిలో పుట్టి బొంబాయిలో పెరిగినవాడే. మహారాష్ట్రలో ఎస్సీలకు 1950 ఆగస్టు 10, ఎస్టీలకు 1950 సెప్టెంబరు 6, ఓబీసీలకు 1967 అక్టోబరు 13 నాటికి కుటుంబం ఇక్కడ నివాసం ఉన్నట్టు రుజువు అడుగుతారు. తాతగారి బడి దాఖలా, మిల్లు సర్వీసు కాగితం ఇంట్లో ఉంటే పారేయకండి.

4. దరఖాస్తు పెట్టాక. కాలేజీ పరిశీలనలో లోపం ఉందని వెనక్కి వస్తే గడువులోగా సరిచేసి మళ్ళీ పంపాలి. వారానికొకసారి స్థితి చూసుకోండి.

5. రాతపూర్వకం. నోటిమాటగా అడగకండి. అర్జీ రాసి, నకలు మీద ముద్ర వేయించుకోండి. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాన్ని సమాచార హక్కు చట్టం, 2005 కింద 10 రూపాయల రుసుముతో అడగవచ్చు. దానికీ గడువు 30 రోజులే.

చివరిగా ఒక విన్నపం. మన ట్రస్టు సహాయంతో చదివి పైకి వచ్చినవాళ్ళు, నాలాంటి రిటైరైనవాళ్ళు, నెలకు ఒక పూట ఒక కుటుంబం వెంట ఆఫీసుకు వెళ్ళండి. చదువుకున్న మనిషి పక్కన ఉంటే మూడుసార్ల పని ఒక్కసారిలో అవుతుంది. కూలి రోజులు మిగులుతాయి.

ఆ అమ్మాయి ఇప్పుడు రెండో సంవత్సరంలో ఉంది. కమ్మలు విడిపించుకున్నారు. ఈసారి రెన్యూవల్ తనే పెట్టుకుంది, పేటలో ఇంకో నలుగురు పిల్లలకు కూడా పెట్టించింది.