పాత కారునకు డిస్కు బ్రేకులు

2014లో తయారీ నిలిచిపోయినను, పాత అంబాసిడరు కారును ముచ్చటతో కాపాడుకొనువారు నేటికిని కలరు. అట్టి కారులో పిల్లలతో తిరుప్పూరునుండి ఉదకమండలము పోయివచ్చు తలిదండ్రులు, కూనూరు కనుమ దిగుటకు ముందు బ్రేకుల తీరు తెలిసికొనదగును.

డ్రమ్ము బ్రేకులో షూలు డ్రమ్ము లోపలిగోడను ఒరయును. దిగుడుదారిలో మాటిమాటికి త్రొక్కినచో వేడి వెలికి పోజాలదు, పట్టు సడలును. డిస్కు గాలికి తెరచియుండును. రెండు ప్యాడ్లు దాని నిరువైపుల నొక్కిపట్టును. గాన త్వరగా చల్లారును. 1953లో లె మాన్ పందెమున జాగ్వారు కార్లు ఇట్టి బ్రేకులతోనే గెలిచినవి.

అయితే ముందు చక్రములకు డిస్కులు బిగించినంతనే పని ముగియదు. తిరుగుచున్న డ్రమ్ము షూను తనవైపు లాగికొని పాదమునకు సాయపడును. డిస్కునందు ఆ సాయము లేదు. కావున బూస్టరును, తగిన మాస్టరు సిలిండరును అమర్చవలెను. వెనుక చక్రములు ముందుగా బిగిసి కారు జారకుండునట్లు ఒత్తిడిని సరిచూడవలెను.

అరకొర మార్పుకంటె చక్కగానున్న డ్రమ్ములే మేలు. మార్చినను, కనుమను తక్కువ గేరులోనే దిగవలెనని మేము విన్నవించుచున్నాము.